కాలర్ మీద మచ్చ

కాలర్ చూసి చెప్త ఎవనిదో.
మడతలు విప్పంగనే ఇసుక రాలితే నేల మీదోడు.
వీపు మీద చెమట ఎండి తెల్ల గీతలై
పటం గీసుకుంటే ఓడ మీదోడు.
విమానమోని చొక్కా మాత్రం తిక్కది.
మురికుండదు. చంకల్ల భయం వాసన ఉంటది,
ఒక్క ఉతుకుకు లొంగదు.

ఇరవై రెండేండ్లు ఈ ముహర్రక్ గల్లీల
ఏ దేశం బట్టో అడగకుంట ఉతికిన.
టోకెన్ కట్టి, గుండీలు చూసి, జేబులు తిప్పి.
ఒకపారి నేవీ తెల్లప్యాంటుల
రెండు ఎల్లిపాయ రెబ్బలు దొరికినయ్.
ఆ దినమంత
ఓడ అడుగు అంతస్తుల నిలవడి
నాలుగొందల మందికి కూరొండేటోడే మతిల మెదిలిండు.

లింబాద్రి వచ్చి ఎనిమిది నెలలు.
ఆర్మూర్ దిక్కు పిల్లగాడు, ఇరవై పడ్డది.
ఐదు నిమిషాల నలభై ఐదు సెకన్ల పరుగుల
ఆరు సెకన్లకు తప్పిండు.
ఆ ఆరు సెకన్లే
ఏజెంటు చేతిల లక్షా ముప్పై వేలై
ఆవిరి ఇస్త్రీ ముంగట తెచ్చి నిలవెట్టినయ్.

రాత్రి షట్టర్ దించినంక
పై మంచం మీద ఫోను వెలుగు.
"కాకా, ఏది మంచిది?"
అంగట్ల ఎద్దు పండ్లు చూసేటోని లెక్క అడుగుతడు.
"గాలిల పోవాల్నంటే లెక్కలు, ఫిజిక్స్ ఉండాలె. నాది సీఈసీ.
ఆర్మీ అంటే మళ్ల గా ఉరుకుడే.
అదిగూడ నాలుగేండ్ల కొలువే,
తర్వాత నూటికి ఇరవై ఐదు మందిని ఉంచుకుంటరట."
"ఇక్కడ రెండేండ్ల అగ్రిమెంటు,
తర్వాత కఫీల్ బుద్ధి" అన్న నేను.

మొన్న లిస్టు చదివి ఇనిపిచ్చిండు.
క్లర్కు, వంటోడు, దర్జీ, మంగలి...
ఒక్క కాడ గొంతు తట్టుకున్నది.
వేలు ఒక వరుస దాటి కిందికి జారింది.
నాకు ఇంగ్లీషు రాదు గని
మా దుకాణం అద్దం మీద రోజు తుడిచే అక్షరాలల్ల
సగం ఆ మాటల ఉన్నయ్.
"దాటేసింది గూడ చదువు."
"వాషర్‌మన్, కాకా. పదోది పాసైతే సాలు."

ఏసీ ఒక్కటే గొణిగింది కొంచెంసేపు.
మా తాత బండకేసి కొట్టిన చప్పుడు
సముద్రం దాటి నాతోని వచ్చింది,
మిలట్రీల గూడ నాకంటె ముందే పోయి కూసున్నది.
"ఇస్త్రీ చొక్కా లేకుంట
ఏ సిపాయీ సెల్యూట్ కొట్టడు రా" అన్న.
నవ్వుతడనుకున్న. నవ్వలే.
నొచ్చింది వానికో నాకో
ఇప్పటికీ తెల్వలే.

తెల్లారి ఇంకో ముచ్చట తెచ్చిండు.
నేవీకైతే అదే దూరానికి ఆరున్నర నిమిషాలట!
నలభై ఐదు సెకన్ల దయ.
ఒక్కటే తిరకాసు, ఈత రాదు.
సముద్రాన్ని మొదాలు చూసింది విమానం కిటికీలకెల్లి,
అప్పుడు గూడ కండ్లు మూసుకున్నడట.

ఇగ శుక్రవారం శుక్రవారం
తెల్లారుజామున నాలుగు గంటలకు
ఫోనుల గడియారం పట్టుకోని నేను,
కట్ట మీద ఉరుక్కుంట వాడు.
ఐదు నిమిషాల యాభై రెండు.
దాచలే, చెప్పిన.
రొప్పుకుంటనే చొక్కా ఇడిచి నా మీదికి ఇసిరిండు,
ప్యాంటు మోకాళ్ల దాక మడిచి నీళ్లల్ల దిగిండు.
ఎనకట ముత్యాల కోసం
ముక్కు బిగించుకోని, తాడు పట్టుకోని
మునిగినోళ్ల నీళ్లు అవి.
మడిచిన మడతా మునిగింది.
నడుము దాక పోయి ఆగిండు.
"కాకా, నిజంగనే ఉప్పగున్నది!" అని ఒర్రిండు
ఎవ్వలూ చెప్పనట్టు.

ఒడ్డు మీద, అలవాటు పోనిచ్చుకోక
వాని జేబు తిప్పిన.
ఒక టోకెను ముక్క. కాగితానికి గుచ్చిన సూది.
పాస్‌పోర్ట్ ఫోటోలు రెండు,
నీలం పరదా ముందు మెడ బిగవట్టి.
కాలర్ ఎనకకు మలిపి చూసిన:
ఇసుక లేదు, ఉప్పు లేదు.
ఇస్త్రీ కాలిన చిన్న మచ్చ,
పని నేర్చుకున్న మొదటి వారంది.